జైలు నుంచి బయటికొచ్చి పనిలో చేరేముందు: జాగ్రత్తలు

విడుదల తేదీ తెలిసిన రోజే పని వెతుకులాట మొదలైనట్టు లెక్క. గేటు దాటాక ఒక్క కాగితం కోసం మళ్లీ జైలు చుట్టూ తిరగడం ఎంత తిప్పలో తిరిగినవాళ్లకే తెలుసు. నెల ముందే సంక్షేమ అధికారిని కలిసి విడుదల పత్రం, జరిమానా కట్టిన రసీదు, లోపల చేసిన పనికి సర్టిఫికెట్‌ అడిగి పెట్టుకోండి. వడ్రంగమో, బేకరీయో, మగ్గమో, ఎన్ని నెలలు చేశారో అందులో రాసి ఉండాలి. 'ప్రవర్తన బాగుంది' అన్న కాగితం కన్నా 'రెండేళ్లు వెల్డింగ్‌ చేశాడు' అన్న కాగితానికే షెడ్డు యజమాని దగ్గర విలువ. కూలి డబ్బు జమ లెక్క చూసుకున్నాకే సంతకం పెట్టండి. తీర్పు ప్రతి చేతిలో లేకపోతే లోపలుండగానే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచిత న్యాయ సహాయం హక్కు. బయట నుంచి ఇంట్లోవాళ్లు న్యాయ సహాయ హెల్ప్‌లైన్‌ 15100కి ఫోన్‌ చేసినా సరిపోతుంది.

మొదటి వారం చిక్కంతా పాత ఫోన్‌ నంబరుతోనే. నెలల తరబడి వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేసి ఇంకెవరికో ఇచ్చేస్తుంది. మీ ఆధార్‌, బ్యాంకు, పీఎఫ్‌ ఓటీపీలు ఆ మనిషికి పోతుంటాయి. అందుకని ఒక వరసలో వెళ్లండి: వేలిముద్రతో కొత్త సిమ్‌, తర్వాత ఆధార్‌ కేంద్రంలో ఆ నంబరు ఎక్కించుకోవడం, ఆపైన బ్యాంకు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది. కేవైసీ (గుర్తింపు, చిరునామా) కాగితాలిస్తే పైసా తీసుకోకుండా లేపాలి. ఇది వదిలేసి పనిలో చేరితే మొదటి జీతం దగ్గరే ఇరుక్కుంటారు. డ్రైవర్లు లైసెన్సు గడువు చూసుకోండి. అది ముగిసి ఏడాది దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే. 'రేపు చూద్దాంలే' అని ఆటో తీస్తే, చిన్న గుద్దుడైనా కొత్త కేసు.

ఇక దరఖాస్తు ఫారం. మనవాళ్లు ఎక్కువగా మునిగేది ఇక్కడే. ప్రశ్నని రెండుసార్లు చదవండి. 'శిక్ష పడిందా' అంటే ఒకటి, 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అంటే ఇంకొకటి, 'కేసు పెండింగ్‌లో ఉందా' అంటే మరొకటి. రిమాండులో మూడు నెలలుండి నిర్దోషిగా వచ్చినవాళ్లు మొదటిదానికి 'లేదు' అని, రెండోదానికి 'అవును' అని రాయాలి. పక్కనే కేసు నంబరు, తీర్పు తేదీ వేయాలి. అడిగినదానికి అబద్ధం రాయొద్దు, అడగనిదానికి కథ చెప్పొద్దు. ప్రభుత్వ కొలువుల విషయంలో సుప్రీంకోర్టు 2016లో అవతార్‌ సింగ్‌ కేసులో తేల్చిన సంగతి ఇది: చిన్న కేసైతే దాచినా క్షమించే వెసులుబాటు యజమానికి ఉంది, నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనేమీ లేదు. అయినా నిజమే రాయమంటాం. దాచి చేరితే ఎన్నేళ్లు పనిచేశాకైనా తీసేయడానికి అదే కారణం కావొచ్చు.

వెరిఫికేషన్‌ చేసే ఏజెన్సీలు కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్‌ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తాయి. వాళ్లకంటే ముందే మీరు చూసుకోండి. ఇంకో చిక్కుంది. కేసు కొట్టేసినా, లోక్‌ అదాలత్‌లో రాజీ అయినా పోలీసు రికార్డులో 'విచారణలో ఉంది' అనే ఉండిపోవచ్చు. తీర్పు సర్టిఫైడ్‌ కాపీ (కోర్టు ముద్రతో ఇచ్చే నకలు) స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. జిరాక్స్‌ తీసుకెళ్తే పని కాదు.

కొన్ని తలుపులు తట్టకపోవడమే మంచిది. సెక్యూరిటీ గార్డు పని సులువుగా దొరుకుతుందని అటే పరిగెడతారు. కానీ ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005 ప్రకారం శిక్ష పడినవాళ్లని గార్డుగా పెట్టుకోకూడదు. యూనిఫాం డబ్బు జీతంలో కోసుకున్నాక ఆ సంగతి బయటపడితే నష్టం మీదే. గల్ఫ్‌ వెళ్లాలనుకునేవాళ్లు పాస్‌పోర్టు లెక్క తెలుసుకోవాలి. నైతిక పతనం కిందికొచ్చే (దొంగతనం, మోసం లాంటి) నేరానికి రెండేళ్లకు తగ్గని శిక్ష పడితే, శిక్ష పడిన తేదీ నుంచి ఐదేళ్లు పాస్‌పోర్టు నిరాకరించొచ్చు. విడుదల తేదీ నుంచి కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. తెరిచి ఉన్న తలుపులూ ఉన్నాయి. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకీ పని ఇస్తారు, అడగండి.

వర్క్‌షాపుల్లో ఫారాలుండవు, నోటిమాటే. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోండి: "అన్నా, ఒక కేసులో మూడేళ్లు లోపలున్నా, శిక్ష అయిపోయింది. వడ్రంగం వచ్చు, సర్టిఫికెట్‌ ఇదిగో. వారం పని చూసి చెప్పు." ఎవరిది తప్పో, లాయరు ఎలా ముంచాడో మొదలుపెడితే పావుగంట పోతుంది, పని కూడా పోతుంది.

చేరాక ఇంకో జాగ్రత్త. షాపులో ఏది పోయినా మొదటి చూపు మీ మీదే పడుతుంది. అన్యాయమే, కానీ ఉన్నదిది. కనీసం ఆరు నెలలు తాళాలు ఒంటరిగా తీసుకోవద్దు. గల్లా యజమాని ఎదుటే లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. సామాను అప్పజెప్పినప్పుడూ అంతే. లోపల పరిచయమైనవాళ్లకి పూచీ సంతకం పెట్టొద్దు, వాళ్ల బండి తోలొద్దు.

అప్పీలు నడుస్తూ బెయిలు మీద ఉన్నవాళ్లు స్టేషన్‌లో సంతకం పెట్టే రోజు, వేళ యజమానికి ముందే చెప్పాలి. షిఫ్టు కుదరకపోతే సంతకం ఎగ్గొట్టకుండా, షరతు సడలించమని కోర్టులో పిటిషన్‌ వేయించండి. అప్పీలు కోర్టు శిక్ష నిలిపేస్తే దోషి అన్న తీర్పు కూడా నిలిచిపోయినట్టు కాదు, కాబట్టి ఫారంలో 'శిక్ష పడలేదు' అని రాయకూడదు. 'పది వేలిస్తే రికార్డు తీయించేస్తాం' అని వచ్చే బ్రోకర్లకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మన దేశంలో ఇన్నేళ్లు గడిస్తే శిక్ష దానంతటదే చెరిగిపోతుందనే చట్టం లేదు. అప్పీలులో గెలవాలి. లేదా ప్రొబేషన్‌ చట్టం కింద, జైలుకి పంపకుండా మంచి ప్రవర్తన షరతు మీద వదిలేసిన కేసై ఉండాలి, అప్పుడు ఆ చట్టం 12వ సెక్షన్‌ చూపించి, ఈ శిక్ష అనర్హత కాదని వాదించొచ్చు. ఆ ఉత్తర్వు కాపీ ఇంట్లో ఒకటి, పర్సులో ఒకటి ఉంచుకోండి.