మాంటెనెగ్రో నేషనల్ పార్కులకు కోనసీమ నుంచి: పల్లం నుంచి మెరకకు

మాంటెనెగ్రో ఆగ్నేయ యూరప్‌లో సుమారు 13,800 చదరపు కిలోమీటర్ల దేశం. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపితే అంతకన్నా పెద్దవి. అంత చిన్నచోటే అయిదు నేషనల్ పార్కులున్నాయి: స్కదర్ సరస్సు, లొవ్చెన్, బియోగ్రాద్‌స్కా గోరా, దుర్మితోర్, ప్రొక్లెతియె. పది రోజులుంటే మొదటి నాలుగూ హాయిగా చూడొచ్చు. చాలామంది దిగీదిగగానే ఎత్తు కొండలున్న దుర్మితోర్‌కి పరిగెత్తి, మోకాళ్లు పట్టేసి మిగతా రోజులు గదిలో గడుపుతారు. డెల్టా వాళ్లు పల్లం నుంచి మెరకకు వెళ్లడం మంచిది.

దాళ్వా కోతలయ్యాక మే నెలలో వెళ్తే స్కదర్, లొవ్చెన్, బియోగ్రాద్‌స్కా బాగుంటాయి కానీ దుర్మితోర్ పైదారుల్లో ఇంకా మంచు ఉంటుంది. శిఖరం ఎక్కాలనుకుంటే సార్వా నాట్లు ముగించుకుని ఆగస్టు రెండో సగంలోనో, సెప్టెంబరు మొదట్లోనో వెళ్లండి.

మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది), అమెరికా లేదా బ్రిటన్ వీసా ఉంటే దానిమీదే 30 రోజుల దాకా ఉండనిస్తున్నారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు మరోసారి చూసుకోండి. దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే: మాంటెనెగ్రో షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో ఇటలీ చూసి ఇక్కడికొస్తే, మళ్లీ ఇటలీకి వెళ్లి విమానం ఎక్కలేరు. మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి. డబ్బు మాత్రం యూరోలే. దిగిన 24 గంటల్లో పేరు నమోదు కావాలి. హోటల్ వాళ్లే చేస్తారు, ఇంట్లో గది అద్దెకు తీసుకుంటే మీరే అడిగి చేయించుకోవాలి.

కాలికి సాధన కావాలి. గట్ల మీద ఎంత నడిచినా కొండ దిగే అలవాటు రాదు. నెలన్నర ముందునుంచి వారానికి రెండుసార్లు అన్నవరం మెట్లు, వీపున ఆరు కిలోల సంచితో, మొదట రెండుసార్లు ఎక్కి దిగి, క్రమంగా ఎనిమిదిసార్లకు పెంచండి. దిగేటప్పుడు ఆటో ఎక్కొద్దు, మోకాలికి పని పడేది దిగడంలోనే. బూట్లు అరసైజు పెద్దవి కొని ఈ మెట్ల మీదే అరగదీయండి. కొత్త బూట్లతో వెళ్తే రెండోరోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి.

స్కదర్‌తో మొదలుపెట్టండి. రాజధాని పోద్గొరిత్స నుంచి బార్ అనే రేవుపట్నం వైపు రైలెక్కి విర్‌పజార్‌లో దిగితే పడవలు అక్కడే దొరుకుతాయి. కొల్లేరు చూసినవాళ్లకు ఇక్కడ కళ్లు వెంటనే కుదురుకుంటాయి. సరస్సు వేసవిలో 370 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయి, తడికాలంలో 530 దాకా పరుచుకుంటుంది. మన కొల్లేరు ఉబ్బేది నైరుతి వానలకైతే, ఇది ఉబ్బేది చలికాలపు వానలకు, వసంతంలో కరిగే మంచుకు. గూడబాతులు రెండుచోట్లా ఉన్నా జాతి వేరు. ఇక్కడివి డాల్మేషియన్ జాతి, తలమీద ఉంగరాల జూలు ఉంటుంది. పొదిగే కాలంలో గూళ్ల దగ్గరికి పోనివ్వమని పడవవాణ్ని బలవంతపెట్టకండి: తల్లి లేస్తే గుడ్లు చల్లబడతాయి. బేరం మనిషికా, పడవ మొత్తానికా అన్నది ఎక్కేముందే తేల్చుకోండి.

లొవ్చెన్‌కి ఒక పూట చాలు. యెజెర్‌స్కి శిఖరం మీద, 1,657 మీటర్ల ఎత్తున, కవి, పాలకుడు న్యెగోష్ సమాధి ఉంది. అక్కడికి 461 మెట్లు. అన్నవరంలో సాధన చేసినవాళ్లకు లెక్కే కాదు. ఎండ ఉన్నా గాలి కోసేస్తుంది, జాకెట్ మరవొద్దు.

బియోగ్రాద్‌స్కాకు పోద్గొరిత్స నుంచి కొలాషిన్ దాకా రైల్లోనే వెళ్లండి. దారిలో మాలా రియెకా వంతెన 198 మీటర్ల ఎత్తున ఉంటుంది. కొలాషిన్‌లో టాక్సీ మాట్లాడుకోవాలి. సరస్సు చుట్టూ మూడున్నర కిలోమీటర్ల చదును దారి, గొడ్డలి పడని పాత అడవి. దుర్మితోర్‌కి ముందు కాళ్లు సాగదీయడానికి ఇంతకన్నా మంచిచోటు లేదు.

ఇక దుర్మితోర్. జబ్ల్యాక్ ఊరు 1,456 మీటర్ల ఎత్తున ఉంది, మొదటిరోజు అక్కడే ఆగండి. మూడు కిలోమీటర్లలో నల్ల సరస్సు. నిజానికవి సన్నని పాయతో కలిసిన రెండు సరస్సులు, ఎండాకాలం చివర పాయ ఎండి విడిపోతాయి. ఇక్కడో వింత ఉంది. పెద్ద సరస్సు నీళ్లు భూమిలోంచి తారా నదికి, చిన్నదాని నీళ్లు పీవా వైపుకి పోతాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలినట్టే, కాకపోతే రాళ్ల అడుగున. ఆ రెండు నదులూ ష్చెపన్ పోల్యె దగ్గర కలిసి డ్రీనా అవుతాయి.

ఇది సున్నపురాతి కొండ కావడమే అసలు చిక్కు. వాన నీరంతా పగుళ్లలోకి జారిపోతుంది. రెండు బారలు తవ్వితే నీళ్లు పడే ఊరివాళ్లం, సరస్సుల కొండ కదా అని లీటరు సీసాతో బయల్దేరి మధ్యదారిలో నాలుక ఎండబెట్టుకుంటాం. మనిషికి మూడు లీటర్లు మోయండి, ఒక సీసాలో ఉప్పూ పంచదారా కలపండి.

దుర్మితోర్‌లో ఎక్కాల్సిన శిఖరం బోబొతోవ్ కుక్, 2,523 మీటర్లు. నల్ల సరస్సు నుంచైతే రోజంతా పడుతుంది, కాబట్టి 1,907 మీటర్ల సెడ్లో కనుమ నుంచి మొదలుపెట్టండి. రానుపోను ఆరేడు గంటలు. ఆరింటికల్లా నడక మొదలవ్వాలి. తిరిగొచ్చేందుకూ టాక్సీని ముందే మాట్లాడుకోండి. రాళ్లమీద ఎర్రవలయంలో తెల్లచుక్క దారి గుర్తు. చివరిగా చూసిన గుర్తు నుంచి అయిదు నిమిషాలు నడిచినా మరోటి కనబడకపోతే వెనక్కి రండి, అడ్డదారి వెతక్కండి. జారుడు రాళ్ల మీద మడమ కాక పాదం మొత్తం మోపి చిన్న అడుగులు వేయాలి. మీ కింద ఎవరైనా ఉంటే, వాళ్లు పక్కకి తప్పుకునేదాకా ఆగండి.

వెలికా ప్రెవియా అనే 2,351 మీటర్ల ఎత్తు కనుమ దగ్గర నిలబడి ఆకాశం చూడండి. ఆ పైన చేతులతో పట్టుకుని ఎక్కాలి, చివర్లో ఇనుప తాడు ఉంటుంది. పశ్చిమాన మబ్బు పేరుకుంటే అక్కణ్నుంచే వెనక్కి. వేసవి మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి, తడి ఇనుప తాడు చేతిలో ఉండగా అయితే చెప్పేదేముంది.

ప్రొక్లెతియె అల్బేనియా సరిహద్దుపై ఉంది, దారులు కొన్ని ఆ దేశంలోకి దాటేస్తాయి. అనుమతి లేకుండా దాటొద్దు, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. గ్రెబాయె లోయలో తిరిగి రావడానికి ఒక రోజు చాలు.

తిండికి మాంసం ముట్టనివాళ్లు కచమాక్ అడగండి: మొక్కజొన్నపిండి, బంగాళాదుంప కలిపి మెదిపిన సంకటిలాంటిది, పైన మీగడ. కందిపొడి పొట్లం ఒకటి సంచిలో ఉంటే దానికి సరిగ్గా సరిపోతుంది.

ప్రమాదం జరిగితే 112. కాల్ చేసేముందు ఫోన్‌లో మీ అక్షాంశ రేఖాంశాలు తీసి పెట్టుకోండి. కొండపేర్లు పలకడంలో తడబడినా అంకెలు తప్పవు.