బెట్టా తొట్టిలో ఫిల్టర్ ధారను నెమ్మదింపజేసే చిట్కా

ఒక్క బెట్టా చేప కోసం 20 లీటర్ల చిన్న తొట్టి అమర్చుకున్నాక తరచూ ఎదురయ్యే చికాకు ఏమిటంటే, ఫిల్టర్ నుంచి పడే ధారకు ఆ పొడవాటి రెక్కల చేప నిలదొక్కుకోలేక, రోజంతా ఏదో ఒక మూల మొక్కల చాటున నక్కి ఉంటుంది. ఇందుకోసం ఫిల్టర్‌ను మార్చనక్కరలేదు.

అక్వేరియం ఫిల్టర్లలో వాడే ముతక స్పాంజిని సుమారు 3 సెంటీమీటర్ల మందాన, నీరు వెలువడే మూతికంటే కొంచెం వెడల్పుగా కత్తిరించి, మధ్యలో 2 సెంటీమీటర్ల లోతు గాటు పెట్టి, మూతికి బిగుతుగా తొడగాలి. గిన్నెలు తోమే స్పాంజి మాత్రం వద్దు, వాటిలో కొన్నింటికి రసాయనాలు పట్టించి ఉంటాయి. తరువాత ఒక మేత గింజను నీటిపై వేసి చూడండి. అది గిరగిరా తిరగకుండా నెమ్మదిగా జరుగుతుంటే ప్రవాహం సరిపోయినట్టే. బెట్టా పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే చేప కాబట్టి, నీటి పైభాగం నిశ్చలంగా ఉండడం దానికి ఎంతో హాయి.

అయితే తొట్టి అంచుకు తగిలించే రకం ఫిల్టర్ అయితే, స్పాంజి మురికితో పూడుకుపోయినప్పుడు నీరు వెనక్కి ఎగదన్ని నేలపైకి పొర్లే ప్రమాదం ఉంది. అందువల్ల వారానికోసారి దానిని తీసి, తొట్టిలోంచి తోడిన నీటిలోనే పిండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ స్పాంజిలో పెరిగే మేలు చేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది.