చింతను విన్నపంగా మార్చుకోవడం ఎలా?

చింత తీరిన తరువాతే ఆనందం వస్తుందని మన విశ్వాసులలో చాలామంది ఎదురుచూస్తుంటారు. అమ్మాయి పెళ్లి కుదిరితే, అప్పు తీరితే, స్కానింగ్ రిపోర్టులో ఏమీ లేదని తేలితే అప్పుడు ప్రభువును మనసారా స్తుతిద్దామనుకుంటారు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికను ఏకబిగిన చదివిన వారికి ఈ ఆలోచన ఎంత తలకిందులైనదో తెలుస్తుంది. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని రాసేనాటికి ఆయన బంధకాలలో ఉన్నాడు. బతికి బయటపడతాడో లేదో ఇంకా తేలలేదు.

కాబట్టి ముందుగా ఒక సాయంత్రం అరగంట తీరిక చేసుకొని ఆ నాలుగు అధ్యాయాలూ చదవండి. రెండుచోట్ల పెన్సిలుతో గీత గీయండి. 2వ అధ్యాయంలో, ఫిలిప్పీయులు తన దగ్గరకు పంపిన ఎపఫ్రొదితు చావు అంచుదాకా వెళ్లి కోలుకున్నాడని చెబుతూ, అలా జరగకపోతే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని పౌలు ఒప్పుకొంటాడు. ఆనందించుమన్న మనిషికీ దుఃఖం ఉందన్నమాట. 4వ అధ్యాయంలో, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండడం తాను "నేర్చుకొనియున్నాను" అంటాడు. అంతటివాడే నేర్చుకోవలసి వచ్చిందంటే మనకు కొన్ని నెలలు పట్టినా సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక అసలు సాధనకు రెండు రూపాయల పెన్ను, ఒక చిన్న నోటు పుస్తకం చాలు. "దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను" విన్నపాలు తెలియజేయుడి అని వాక్యం చెబుతున్నది. ఇందులో "ప్రతి విషయములోను" అన్న మాటను మనం గబగబా దాటిపోతాం. "ప్రభువా, మా కుటుంబాన్ని ఆదుకో" అని ఒక్క మాటతో ముగిస్తే మనసులోని ముడి అలాగే ఉండిపోతుంది. దానికి బదులు, "పెద్దవాడి కాలేజీ ఫీజు రెండో విడత 40 వేలు, 20వ తేదీలోగా కట్టాలి, చేతిలో 25 వేలు ఉన్నాయి" అని తేదీ వేసి రాసి, రాసిన దానినే దేవునికి చదివి వినిపించండి. అలా రాసినప్పుడు మన వంతు ఏదో కూడా కనబడుతుంది: కాలేజీకి వెళ్లి గడువు అడగవచ్చు, అన్నయ్యకు ఫోన్ చేయవచ్చు. 2వ అధ్యాయంలో తన సహచరుడు తిమోతి ఫిలిప్పీయుల క్షేమం కోసం నిజంగా చింతించేవాడని పౌలు మెచ్చుకొన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది కూడా "చింతపడకుడి" అన్నచోట ఉన్న క్రియే. ఎదుటివారి మేలుకోసం కాళ్లను కదిలించే శ్రద్ధను వాక్యం ఎక్కడా తప్పుపట్టలేదు. చేయవలసింది చేసిన తరువాత కూడా రాత్రంతా నెమరువేయించే చింతనే విడిచిపెట్టమంటున్నది.

ప్రతి విన్నపం కింద ఒక కృతజ్ఞత రాయాలి. నా అనుభవంలో అందరూ వదిలేసేది దీన్నే, ఫలం కనబడేదీ ఇక్కడే. మా అమ్మ ఆసుపత్రిలో చేరిన మొదటి రాత్రి నాకు పెద్ద మాటలేవీ రాలేదు. "వాన వెలిసింది, ఆటో దొరికింది" అని మాత్రమే రాయగలిగాను. ఆ రెండు మాటలు రాశాకే ఊపిరి తిరిగింది. అదీ చేతకాని రోజున 13వ కీర్తన బిగ్గరగా చదవండి. ఆరే వచనాలు. ఇంకా ఎన్నాళ్లని నిలదీస్తూ మొదలై, యెహోవాను కీర్తిస్తానన్న మాటతో ముగుస్తుంది.

అప్పుడు దేవుని సమాధానం మన హృదయాలకు, తలంపులకు "కావలి యుండును" అన్నది వాగ్దానం. జొన్నచేలో మంచె మీద కావలి ఉన్నంత మాత్రాన పిట్టలు రాకుండా పోవు. వస్తాయి గాని కంకి మీద వాలి తినలేవు. భయపు తలంపు మళ్లీ వచ్చిందంటే విశ్వాసం లేదని కాదు. అది వాలకముందే పుస్తకంలో ఆ విన్నపం తీసి మరోసారి చదవండి.

నడిరేయి మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోవద్దు. ఆ పత్రిక అందుకొన్న ఫిలిప్పీ పట్టణపు చెరసాలలోనే, అంతకుముందొకసారి, బెత్తపు దెబ్బలతో, కాళ్లకు బొండ వేసి ఉండగా, పౌలు, సీల మధ్యరాత్రివేళ కీర్తనలు పాడారు. భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నది ఆ తరువాతనే. నోటికి వచ్చిన కీర్తనలో ఒక్క చరణాన్ని సన్నగా పాడుకొన్నా చాలును. అయితే వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, గుండెదడ తగ్గకపోయినా వైద్యుని దగ్గరకు వెళ్లడానికి వెనుకాడవద్దు. పౌలు వెంట ఉన్నవాడు, ఆయన "ప్రియుడైన వైద్యుడు" అని పిలిచినవాడు సువార్త రాసిన లూకాయే కదా.

ఆ చెరసాలలో పౌలు పక్కన సీల ఉన్నాడన్నది మరచిపోకండి. ఆదివారం ఆరాధన ముగిశాక, మాట బయటకు పొక్కనీయని ఒక్కరిని ఎంచుకొని, "ఈ వారం ఈ సంగతి కోసం ప్రార్థించండి" అని పుస్తకంలోని ఒక్క విన్నపం చెప్పండి. మీకు ఏ సంగతి కోసం ప్రార్థించమంటారని వారిని కూడా అడిగి, వారు చెప్పినదాన్ని మీ పుస్తకంలోనే, మీ విన్నపాల పక్కన, తేదీ వేసి రాసుకోండి.