పాత మిలిటరీ రైఫిల్‌కు సర్ప్లస్ తూటాలు కొనే ముందు

పాత మిలిటరీ రైఫిల్ చేతికి రాగానే సర్ప్లస్ తూటాల కోసం, అంటే సైన్యం దగ్గర మిగిలిపోయి అమ్మకానికి వచ్చిన తూటాల కోసం, పరిగెత్తకండి. ముందు బ్యారెల్ (గొట్టం) మీద, దాని వెనక బోల్ట్ కదిలే రిసీవర్ మీద ఏ ముద్ర ఉందో మంచి వెలుతురులో చూడండి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో 1960ల్లో తయారైన 2ఏ1 రైఫిల్ చూపులకు త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్‌లాగే ఉంటుంది, కానీ అందులో పెట్టాల్సింది 7.62 నాటో తూటా. పోనీ 7.62 అన్న అంకె చూసి కొందామా అంటే అదీ కుదరదు. 7.62×39, 7.62×51, 7.62×54ఆర్ మూడూ వేరు వేరు తూటాలు. పైగా మధ్యలో ఎవరైనా చాంబర్ (తూటా కూర్చునే గది) మార్పించి ఉండొచ్చు. అందుకే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌తో చాంబర్, హెడ్‌స్పేస్ (చాంబర్‌లో తూటా కూర్చున్నాక బోల్ట్ దాకా ఉండే కొలత) కొలిపించాకే తూటాల మాట ఎత్తాలి. ఈ ఖర్చు దగ్గర దయచేసి పొదుపు చూడకండి.

తూటా ఏ సంవత్సరానిదన్న దానికంటే ఎలా నిల్వ ఉందన్నదే ముఖ్యం. ఎండకు ఎండి తేమకు తడిసిన కొత్త తూటా కంటే, సీలు తీయని డబ్బాలో పొడిగా ఉన్న పాతదే నయం. ఒక్కో తూటానూ వేళ్ల మధ్య తిప్పి చూడండి. ఇత్తడి కాస్త నల్లబడితే ఫర్వాలేదు. పచ్చటి చిలుము లోహాన్ని తినేసినా, మెడ దగ్గర వెంట్రుకంత పగులున్నా, బుల్లెట్ వేళ్లకు కదిలినా పక్కన పెట్టేయాలి. అలాంటివి రెండు మూడు కనిపిస్తే నేనైతే ఆ పెట్టె మొత్తం వదులుకుంటాను. ఎవరో ఇంట్లో మందు నింపిన లూజు తూటాలు అసలే వద్దు. మొనకు రంగు పూసి ఉంటే ట్రేసర్ (వెళ్లేటప్పుడు వెలుగు గీత కనిపించే తూటా) లాంటి ప్రత్యేక రకం కావచ్చు, దాని అర్థం తేలేదాకా వాడకండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలలేదంటే టెన్షన్‌తో వెంటనే బోల్ట్ లాగొద్దు. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ పాతదైతే ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టం సురక్షితమైన వైపే ఉంచి కనీసం 60 సెకన్లు ఆగండి. చప్పుడు నీరసంగా వస్తే మాత్రం ఇంకో రౌండ్ కాల్చొద్దు. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి.

చాలా పాత సర్ప్లస్ తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారి గొట్టమంతా అంటుకుంటుంది, గాలిలో తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. ఈ ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. ఎంత ఖరీదైన నూనె రాసినా దాని కింద తుప్పు పని తుప్పుదే. కాబట్టి కాల్చిన రోజే గొట్టం, బోల్ట్ ముఖం వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పెట్టాలి. మర్నాడు తెల్లగుడ్డ దూర్చి చూడండి. ఎర్రటి మరక అంటిందంటే మళ్లీ వేడినీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.