ఇన్‌బాక్స్ నిండా చెత్త మెయిళ్లా? ముందు అవి ఏ రకమో చూడండి

చెత్త మెయిల్ కనబడగానే చాలామంది దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ కోసం వెతుకుతారు. కొన్ని మెయిళ్లకు అది పనిచేస్తుంది, కొన్నిటికి చేయకూడని పని అదే. ఇక్కడ చెప్పేవి జీమెయిల్ వాడేవాళ్లకు.

సమస్య: తెలిసిన షాపులు, యాప్‌ల నుంచి రోజూ ఆఫర్లు

కారణం: మనమే ఇచ్చాం. బిల్లు వేసేటప్పుడు "మెయిల్ ఐడీ చెప్పండి సార్" అంటే చెప్పేస్తాం.

పరిష్కారం: వీటికి అన్‌సబ్‌స్క్రైబ్ నిశ్చింతగా నొక్కొచ్చు. చాలా మెయిళ్లలో పంపినవారి పేరు పక్కనే జీమెయిల్ ఆ బటన్ చూపిస్తుంది. రోజుకు 5,000, ఆపైన మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లను ఒక్క నొక్కుతో ఆపుకునే వీలివ్వాలని, రెండు రోజుల్లో ఆపాలని 2024లో గూగుల్ నిబంధన పెట్టింది. ఆ తర్వాత కూడా వస్తుంటే రిపోర్ట్ స్పామ్ కొట్టండి, మొహమాటం అక్కర్లేదు.

సమస్య: ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచి లాటరీలు, లోన్లు, "మీ పార్సిల్ ఆగిపోయింది"

కారణం: మీ చిరునామా ఎక్కడో లీకైంది, లేదా పేర్లూ అంకెలూ కలిపి గుడ్డిగా కొట్టినవాటిలో మీది తగిలింది.

పరిష్కారం: ఇక్కడ అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే "ఈ ఐడీ వాడకంలో ఉంది" అని మీరే చెప్పినట్టు. తెరవకుండానే టిక్ పెట్టి రిపోర్ట్ స్పామ్ నొక్కండి. ఇలాంటి మెయిళ్లలో కంటికి కనబడని చుక్కంత బొమ్మ ఉండొచ్చు. మెయిల్ తెరిస్తే అది లోడై, పంపినవాడికి కబురు పోతుంది. సెట్టింగ్స్‌లో బొమ్మలు చూపించే ముందు అడగమనే ఆప్షన్ పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

లీకు ఎక్కడిదో పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. జీమెయిల్ చిరునామాలో @ గుర్తుకు ముందు + పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. ఒక బట్టల షాపుకి నేను అలా "+చీరలు" అని ఇంగ్లీషులో చేర్చి ఇచ్చాను. కొన్నాళ్లకు సరిగ్గా ఆ చిరునామాకే పర్సనల్ లోన్ ఆఫర్ వచ్చింది! ఆ చిరునామాకు వచ్చేవన్నీ నేరుగా ట్రాష్‌లోకి పోయేలా ఫిల్టర్ పెట్టేశాను. కొన్ని వెబ్‌సైట్లు మాత్రం + గుర్తును ఒప్పుకోవు.

సమస్య: మీరు పంపని మెయిళ్లు "చేరలేదు" అంటూ తిరిగి రావడం

కారణం: ఎవడో తన చెత్త మెయిళ్లలో, ఉత్తరం కవరు మీద దొంగ పేరు రాసినట్టు, పంపినవారి స్థానంలో మీ చిరునామా రాశాడు.

పరిష్కారం: సెంట్ ఫోల్డర్ చూడండి. అక్కడ అవి లేకపోతే చాలావరకు భయం లేదు, నాలుగు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఉంటే మాత్రం ఖాతాలోకి ఎవరో దూరినట్టే. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టి, సెట్టింగ్స్‌లో తెలియని ఫార్వర్డింగ్ చిరునామాలు, ఫిల్టర్లు ఉంటే తీసేయండి.

సమస్య: గంటలో వందల మెయిళ్లు, అన్నీ "సభ్యులైనందుకు ధన్యవాదాలు" అంటూ, కొన్ని తెలియని భాషల్లో

అన్నిటికంటే టెన్షన్ పడాల్సింది దీనికే. కానీ జనం విసుక్కుని అన్నీ కలిపి డిలీట్ చేసేస్తారు, అవతలివాడికి కావలసిందీ అదే.

కారణం: గడ్డివాములో సూది దాచడం. మీ కార్డుతో ఎవరో ఏదో కొని ఉండొచ్చు, పాస్‌వర్డ్ మార్చి ఉండొచ్చు. ఆ ఒక్క మెయిల్ మీ కంటపడకుండా ఈ వరద వదిలారు.

పరిష్కారం: డిలీట్ చేయకండి. వెతికే పెట్టెలో మీ బ్యాంకు పేరు, ఆర్డర్, పాస్‌వర్డ్, ఓటీపీ అనే మాటలు ఇంగ్లీషులో ఒక్కొక్కటే కొట్టి చూడండి. బ్యాంకు యాప్‌లో, షాపింగ్ యాప్‌లలో లావాదేవీలు చూసుకోండి. డబ్బు పోయిందని తేలితే కార్డు బ్లాక్ చేయించి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

సమస్య: రావలసిన మెయిల్ రాలేదు

కారణం: జీమెయిల్ దాన్నీ చెత్త అనుకుంది.

పరిష్కారం: స్పామ్ ఫోల్డర్‌లో చూసి, దొరికితే నాట్ స్పామ్ నొక్కండి. మామూలుగా వెతికితే జీమెయిల్ స్పామ్‌లోకి తొంగి చూడదు, పైగా అక్కడున్నవి 30 రోజులకు వాటంతటవే పోతాయి. ఇంటర్వ్యూ లెటర్ రాలేదని కన్సల్టెన్సీవాళ్లతో గొడవ పడేముందు ఆ ఫోల్డర్ ఒకసారి తెరవండి.