కారు పవర్ విండో పని చేయకపోతే లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

స్విచ్ నొక్కినా కారు అద్దం కదలకపోతే మోటార్ కాలిపోయిందనుకోవడం మామూలే. కానీ డోర్ సందులో తెగిన వైరు, ఎండకు బిగుసుకుపోయిన రబ్బరు, పోయిన ఫ్యూజు కూడా పైకి అచ్చం అలాగే కనిపిస్తాయి. మోటార్ దాకా కరెంటు వస్తోందో లేదో తేల్చుకోకుండా కొత్త సామాను కొనవద్దు. అది తేల్చడానికి ఒక టెస్ట్ బల్బు, స్క్రూడ్రైవర్, కొంచెం ఓపిక చాలు.

ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి నాలుగు డోర్ల స్విచ్‌లనూ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ఏ అద్దమూ కదలకపోతే లోపం సాధారణంగా అన్నింటికీ ఉమ్మడిగా ఉండే ఫ్యూజులోనో, రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న పరికరం)లోనో, డ్రైవర్ డోర్ మీది మెయిన్ స్విచ్‌లోనో ఉంటుంది. డ్రైవర్ అద్దం ఒక్కటే కదులుతుంటే విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. పిల్లలున్న ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. ఒక అద్దం దాని సొంత స్విచ్‌తో కదలక, డ్రైవర్ వైపు స్విచ్‌తో కదులుతుంటే మోటార్ బాగున్నట్టే, ఆ డోర్ స్విచ్ చెడి ఉండవచ్చు.

తర్వాత ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, కారు లోపలి లైటు వేసి స్విచ్ నొక్కండి. చెవి డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు పలక) దగ్గర, చూపు లైటు మీద ఉండాలి. మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే అద్దాన్ని పైకీ కిందికీ జరిపే విండో మెషిన్ కేబుల్ తెగిందనో, అద్దం క్లిప్పు ఊడిందనో అర్థం. చప్పుడు లేకపోయినా లైటు కాస్త మందగిస్తే కరెంటు మోటార్‌కు చేరుతోంది గానీ అది తిరగలేకపోతోంది. లైటులో ఏ మార్పూ లేకపోతే కరెంటు దారిలోనే ఆగిపోయి ఉండవచ్చు.

కరెంటు చేరినా అద్దం బిగుసుకుపోవడం మన వరంగల్, కరీంనగర్ వైపు ఎండాకాలంలో ఎక్కువ. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే హనుమకొండలో నీడ లేని చోట రోజూ నిలిపే కారుకు అద్దం జారే రబ్బరు గట్టిపడుతుంది. గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము, కరీంనగర్ క్వారీల దగ్గర గ్రానైట్ పొడి ఆ గాడిలో చేరి పేరుకుంటాయి. తడి గుడ్డతో గాడిని తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బి దుమ్ము ఇంకా అంటుకుంటుంది. కదలని అద్దం కోసం స్విచ్‌ను పదేపదే నొక్కితే మోటార్ వేడెక్కి, లోపలి రక్షణ ఏర్పాటు దానిని ఆపేస్తుంది. కొన్ని నిమిషాలు చల్లారనిచ్చాకే మళ్లీ పరీక్షించండి.

కరెంటే రావడం లేదనిపిస్తే ఫ్యూజు బాక్సు మూత మీది బొమ్మలో పవర్ విండో ఫ్యూజు ఏదో చూసి, దానిని బయటికి తీసి తీగ తెగిందేమో గమనించండి. చాలా కార్లలో ఇది 20 నుంచి 30 ఆంపియర్ల మధ్య ఉంటుంది. అంతే ఆంపియర్లది వేయాలి. అదీ వెంటనే పోతే ఎక్కడో షార్టు ఉన్నట్టు. పెద్ద ఫ్యూజు గానీ రాగి తీగ గానీ పెడితే వైరింగే అంటుకుంటుంది.

ఫ్యూజు బాగుంటే డోర్ కబ్జాల మధ్యనున్న నల్లటి రబ్బరు గొట్టాన్ని అనుమానించండి. డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ వైర్లు వంగేది అక్కడే. ఒకరు స్విచ్ నొక్కి పట్టుకుంటే మరొకరు డోర్‌ను మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండాలి. ఏదో ఒక చోట అద్దం ఉలిక్కిపడినట్టు కదిలితే తెగిన వైరు దొరికినట్టే. రబ్బరు జరిపి చూస్తే వైరు తొడుగు చెక్కుచెదరకుండా కనిపించవచ్చు, కానీ మెల్లగా లాగితే లోపల రాగి తెగిన చోట అది సాగుతుంది.

అక్కడా దొరకకపోతే డోర్ ప్యాడ్ విప్పాలి. సైడ్ ఎయిర్ బ్యాగ్‌లున్న కారైతే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి ప్యాడ్ విప్పాక మళ్లీ కలపండి. మోటార్ కనెక్టర్‌లో రెండే వైర్లుంటే వాటి మధ్య 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి స్విచ్‌ను పైకీ కిందికీ నొక్కించండి. మల్టీమీటర్ కన్నా ఈ బల్బునే నేను నమ్ముతాను, ఎందుకంటే ఒక్క పోగు మిగిలిన వైరులోనూ మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది గానీ బల్బు నిండుగా వెలగదు. రెండు వైపులా బాగా వెలిగితే లోపం మోటార్‌దే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు తిరిగితే మోటార్ లోపల కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయనుకోవచ్చు. వెలగకపోతే బల్బు ఒక కాలును కారు బాడీకి ఆనించి, స్విచ్ నొక్కి ఉంచి రెండు వైర్లనూ విడివిడిగా చూడండి. అప్పుడు వెలిగితే కరెంటు వస్తోంది, తిరిగి వెళ్లే ఎర్త్ దారి తెగింది. కనెక్టర్‌లో వైర్లు ఎక్కువుంటే మోటార్‌లోనే కంట్రోల్ యూనిట్ ఉన్నట్టు. దానికి స్కానర్ ఉన్న కార్ ఎలక్ట్రీషియన్‌నే ఆశ్రయించాలి.

ప్యాడ్ విప్పినప్పుడే డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయండి. 2023 జూలై వరదల్లో వరంగల్ కాలనీల్లో మునిగిన కార్ల వంటివాటిలో అక్కడ బురద గట్టిపడితే, తర్వాతి వానల నీళ్లు డోర్‌లోనే నిలిచి మోటార్‌ను తుప్పు పట్టిస్తాయి. మోటార్ విప్పాల్సి వస్తే అద్దాన్ని ముందుగా పైకి ఎత్తి, ఫ్రేముకు గట్టి టేపుతో అంటించండి, లేకపోతే అది జారి చేతి మీద పడుతుంది. లోపలి పాలిథిన్ షీటును తిరిగి అతికించడం మరవకండి. ఒక్క నొక్కుతో అద్దం పైకి వెళ్లే సౌకర్యం బ్యాటరీ వైరు తీశాక పని చేయకపోతే, చాలా మోడళ్లలో అద్దం పూర్తిగా మూసుకున్నాక కూడా స్విచ్‌ను కొన్ని సెకన్లు పైకి పట్టి ఉంచితే ఆ సౌకర్యం మళ్లీ పని చేస్తుంది.