కిన్నెర కళాకారుడి ఫోటో తీసే ముందు

పాలమూరు పల్లెలో కిన్నెర (సొరకాయ బుర్రలు కట్టిన తీగ వాద్యం) వాయించే పెద్దాయన ఫోటో తీయబోతున్నారా? ముందు కెమెరా సంచిలోనే ఉంచి ఒక పాట పూర్తిగా వినండి, ఎక్కడ కళ్లు మూసుకుంటారో, ఏ మాట దగ్గర మెడ నరాలు ఉబ్బుతాయో అప్పుడే తెలుస్తుంది.

ఫ్లాష్ వద్దు. పొద్దున 8 లోపు వేపచెట్టు నీడ చాలు.

వేళ్లు మెట్ల (తీగ కింద నొక్కే గట్ల) మీద ఆగవు కాబట్టి షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గించకండి, ఫోకస్ మాత్రం దగ్గరి కంటి మీదే. సొరకాయ బుర్రలతో సహా వాద్యం మొత్తం పట్టేలా ఒక ఫోటో తప్పనిసరి. కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చింది పన్నెండు మెట్ల కిన్నెరే కదా.

బుర్రను మీరు జరపకండి, ఎండిన సొరకాయ తగిలితే పగులుతుంది. "తాతా, ఇటు చూసి నవ్వు" అని పాట మధ్యలో అస్సలు అనొద్దు.